అనుకోవడమా? అనడమా?

మొన్న వేసవి సెలవుల్లో మా చెల్లెలి మనవరాలు అమెరికా నుంచి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. పుట్టిందీ పెరిగిందీ అక్కడే అయినా, వాళ్ళమ్మ పట్టుదల వల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది. మాట్లాడడంతో ఊరుకోకుండా చేతిలో ఓ నోటుపుస్తకం పట్టుకుని, చెవిన పడ్డ ప్రతి కొత్త మాటనూ అందులో ఎక్కించుకుంటూ ఇల్లంతా తిరిగేది.

ఒక రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. డాబా మీద వడియాలు ఎండబెట్టి వున్నాయి. పరుగున వెళ్ళి గుడ్డ చుట్టబెట్టి తెస్తూ, “ఇవాళ వాన రాదనుకున్నాను సుమా!” అన్నాను.

పిల్ల మెట్ల మీదే నన్ను ఆపేసింది.

“అమ్మమ్మా, అనుకున్నాను అంటే ‘థింక్’ చెయ్యడం కదా?”

“అవునే.”

“అను అంటే ‘సే’ కదా?”

“అవును. అయితే?”

“మరి వాన రాదని నువ్వు ఎవరితో అన్నావు?”

చేతిలో వడియాల మూట, నెత్తిన తొలి చినుకులు, ఎదురుగా ఈ ప్రశ్న. “ముందు దారి తప్పుకోవే తల్లీ!” అని తప్పించుకున్నాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. డెబ్భై ఏళ్ళుగా రోజుకు వందసార్లు వాడుతున్న మాట! అందులో ఏముందో ఒక్కనాడూ విప్పి చూడలేదు. పెట్టె అడుగున పడివున్న పాత పట్టుచీరను మడతలు విప్పి చూస్తే అంచున వున్న జరీ కనబడినట్టుగా, విప్పినకొద్దీ ఆ మాటలో ఏవేవో కనబడసాగాయి. ఆ సంగతులే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

అనుకొను అనే క్రియలో వున్నవి రెండు ముక్కలు. మొదటిది ‘అను’. అంటే పలుకు, నోటితో చెప్పు. రెండోది ‘కొను’. ఒంటరిగా వున్నప్పుడు కొను అంటే తీసుకోవడం, వెల పెట్టి తెచ్చుకోవడం. ఇంకో క్రియకు తోకగా తగిలితే ఆ పని తన కోసం తాను చేసుకోవడం. వండడం వేరు, వండుకోవడం వేరు. చదవడం వేరు, చదువుకోవడం వేరు. భాషా పండితులు దీన్ని ఆత్మార్థకం అంటారు. వాళ్ళ పేరు ఏదైనా మనకు అర్థమయ్యే తీరులో చెప్పాలంటే, అనుకోవడమంటే అనడమే. కాకపోతే ఆ అన్నది ఎదుటివాళ్ళకు ఇవ్వకుండా తనే అట్టేపెట్టుకోవడం!

సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘ఆలోచన’ చూడండి. లోచనం అంటే కన్ను. ఆ ధాతువుకు చూడడమని అర్థం. అంటే ఆలోచించేవాడు ఒక సంగతిని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడన్నమాట. మన ఇంటి మాటలో కన్ను లేదు, నోరుంది. తెలుగువాడి మనసు చూడదు, మాట్లాడుతుంది. మనం వట్టి వాగుడుకాయలమని ఎవరైనా ఆక్షేపిస్తే, దానికి భాషలోనే ఆధారం వుందని ఒప్పుకోక తప్పదు!

ఇది మన ఒక్కరి గొప్పే కాదు లెండి. కన్నడం వాళ్ళు కూడా అనడానికి కొళ్ళు చేర్చి, ‘అందుకొళ్ళు’ అని మనలాగే అనుకుంటారు. అరవంలో ‘ఎన్’ అనే ధాతువు మన ‘అను’కు తోబుట్టువు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో తెచ్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో ఈ తోబుట్టువులంతా ఒకే పద్దు కింద కూర్చుని వున్నారు. పాత కాపురమే.

పైగా ఈ ‘అను’ లేకపోతే మనకు పూట గడవదు. ‘వస్తాడని ఆశపడ్డాను’, ‘పోయిందని ఏడ్చాను’, ‘బాగుంటుందని కొన్నాను’. ఈ మూడు వాక్యాల్లోనూ నోరు విప్పి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా అన్నిట్లోనూ ‘అని’ కూర్చునే వుంది. ఆశ, ఏడుపు, చీర బేరం, ఏదైనా సరే, మన భాషలో ముందు ఒక మాటగా లోపల పలకాలి. ఆ తర్వాతే అది మనదవుతుంది.

దీన్ని శాస్త్రజ్ఞులు వేరే దారిన వచ్చి పట్టుకున్నారు. బొమ్మలతో ఆడుకునే పసిపిల్లను ఎప్పుడైనా గమనించారా? “ఇప్పుడు బువ్వ వండాలి... అయ్యో, ఉప్పు మర్చిపోయాను... నువ్వు ఏడవకు నాన్నా, వస్తున్నా...” అంటూ ఎవరూ లేకుండానే గలగలా మాట్లాడేస్తుంటుంది. ఈ మాటలు కొన్నాళ్ళకు ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోతాయి? రష్యా దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ, 1934లో వచ్చిన తన పుస్తకంలో దీనికి జవాబు చెప్పాడు. ఆ మాటలు ఎక్కడికీ పోవట, లోపలికి వెళతాయట. పైకి వినబడే మాటే క్రమంగా లోపలి మాటగా మారి, పెద్దయ్యాక ఆలోచన అనిపించుకుంటుందట. అను ముందు పుట్టింది, కొను తర్వాత వచ్చి చేరింది! ఆయనకు తెలుగు వచ్చివుంటే ఎంత సంతోషించేవాడో కదా!

సరే, ఇంతవరకూ మాట ముచ్చటగానే వుంది. ఇక దాని రెండో ముఖం చూడండి.

‘కొను’ తనకు తాను చేసుకునే పనికే కాదు, ఒకరితో ఒకరు చేసుకునే పనికీ వస్తుంది. కొట్టుకోవడం, తిట్టుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం. అందువల్ల ‘నేను అనుకున్నాను’ అంటే నా మనసులో మాట, ‘ఊరంతా అనుకుంటున్నారు’ అంటే నలుగురి నోళ్ళలో నానుతున్న మాట. గుట్టుకూ రట్టుకూ ఒకటే క్రియ! అందరికంటే మూగ మాట, అందరికంటే పెద్ద చప్పుడు, రెండూ ఒకే పేరు పెట్టుకుని తిరుగుతున్నాయి.

ఇప్పుడు చెప్పండి, “ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే?” అని మనల్ని పెంచిన వాక్యానికి అర్థమేమిటి? వాళ్ళు మనసులో తలపోస్తారనా? లేక వీధి అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారనా? రెండోదయితే కాస్త భయపడవచ్చు. మొదటిదయితే, ఎవరి మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది, తెలియనిదానికి భయమెందుకు? ఈ మాటలో వున్న మాయ ఏమిటంటే ఈ రెంటినీ విడదీయనివ్వదు. అందుకే మన చిన్నతనంలో జడ పొడుగు దగ్గర్నుంచీ నవ్వు చప్పుడు దాకా, చదివే పుస్తకం దగ్గర్నుంచీ కట్టే రంగు దాకా అన్నిటినీ ఈ ‘అనుకుంటారు’ శాసించింది. ఇంతాచేసి అలా అనుకునే ఆ ‘ఎవరైనా’ అనే ఆసామీని మనం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

ఇదే కుటుంబంలో ఇంకో ఇద్దరున్నారు. ‘అనిపించు’, ‘అనిపించుకొను’. “నాకెందుకో అలా అనిపించింది” అన్నామంటే ఆ మాట మన చేత ఎవరో అనిపించారని. నా పూచీ ఏమీ లేదని ముందే చెప్పేయడం. ఇక ‘అనిపించుకోవడం’ అంటే మన గురించి ఎదుటివాళ్ళ చేత ఒక మాట అనిపించి, దాన్ని మన కొంగున కట్టుకోవడం. “మంచి కోడలనిపించుకో.” “పొదుపరి అనిపించుకో.” “నోట్లో నాలుక లేని పిల్ల అనిపించుకో.” మగపిల్లలకు కూడా “సమర్థుడు అనిపించుకోరా” అని చెబుతారు, కాదనను. కాని వాళ్ళకు సమర్థులు అనిపించుకోవడానికి నోరు విప్పాలి. మనకు మంచివాళ్ళం అనిపించుకోవడానికి నోరు మూసుకోవాలి. తేడా అల్లా అక్కడుంది.

అను, అనుకొను, అనిపించు, అనిపించుకొను. ఈ నాలుగు గదుల ఇంట్లో మొదటి గది వీధివైపుది. మనకు ఎక్కువగా కేటాయించినవి వెనకవైపు గదులు.

అయితే మనసులో అనుకున్న మాట పదిమందికీ వినబడవలసిన చోటు ఒకటుంది. అదే నాటకం. పాత్ర ఏమనుకుంటున్నదో పైకి అనకపోతే ప్రేక్షకుడికి తెలిసే దారేది? అందుకని మన పూర్వులు ‘స్వగతం’ అనే ఏర్పాటు చేశారు. ‘ఆత్మగతం’ అని కూడా అంటారు. తనలోకి వెళ్ళినది అని అర్థం. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన ‘దశరూపకం’ రంగస్థలం మీది మాటల్ని మూడు రకాలుగా పంచింది. అందరూ వినదగినది ప్రకాశం. ఎవరూ వినరానిది స్వగతం. కొందరే వినదగినది మూడోది. ఈ మూడో దాంట్లో మళ్ళీ తేడాలున్నాయి. ఉంగరపు వేలొకటి వంచి మిగతా వేళ్ళు నిలబెట్టి, ఆ చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడితే జనాంతికం. పక్కకు తిరిగి ఒకరికి మాత్రం రహస్యంగా చెబితే అపవారితం.

ఎంత చక్కని ఒప్పందమో గమనించండి. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడేట్టు నటి గొంతెత్తి పలుకుతుంది. పక్కనే జానెడు దూరంలో నిలబడ్డ రాజుగారికి మాత్రం అది వినబడదు! వినబడకపోవడానికి ఆయన చెవిటివాడు కాదు. వినకూడదని నియమం. స్వగతం అంటే చప్పుడు లేని మాట కాదు, వినరాదని అందరూ ఒప్పుకున్న మాట. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితో పని పడుతుంది.

ఈ ఏర్పాటును కాళిదాసు వాడుకున్నంత గొప్పగా ఇంకొకరు వాడుకున్నారా అని నాకు సందేహం. ‘అభిజ్ఞాన శాకుంతలం’ మొదటి అంకంలో దుష్యంతుణ్ణి చూడగానే శకుంతలలో కలవరం పుట్టింది. తపోవనంలో పుట్టకూడని ఈ వికారం నాకెందుకు కలిగిందా అనుకుంటుంది. స్వగతమే. చెలికత్తెలు పక్కనే వున్నా వాళ్ళకు వినబడదు. అటు రాజుగారు కూడా స్వగతంలో పొంగిపోతూనే వున్నారు. అయితే ఒక తేడా. రాజు తనలో తాను అనుకునేది సంస్కృతంలో, శకుంతల అనుకునేది ప్రాకృతంలో. ఆనాటి నాటక సంప్రదాయం ప్రకారం ఆ నాటకంలోని ఆడవాళ్ళంతా ప్రాకృతమే మాట్లాడాలి. పైకి మాట్లాడేటప్పుడంటే సరే, ఒంటరిగా, తన గుండెతో తాను చెప్పుకునేటప్పుడు కూడా ఆమెకు కేటాయించిన భాష మారలేదు! చదువుకునే రోజుల్లో ఈ సంగతి విని నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడంలేదు.

ఇక అయిదో అంకం. నిండు సభ. దుర్వాసుడి శాపం వల్ల రాజు ఆమెను మర్చిపోయాడు. నువ్వెవరో నాకు తెలియదంటాడు. వెంట వచ్చిన ఋషికుమారుడు, ఇక నువ్వే ఏదైనా చెప్పుకో అంటాడు. ఆ క్షణంలో శకుంతల ముందు తనలో తాను అనుకుంటుంది. అంతటి ప్రేమ ఈ స్థితికి వచ్చాక గుర్తు చేసి మాత్రం ఏం లాభం అని. తర్వాత ప్రకాశంగా “ఆర్యపుత్రా” అని మొదలుపెట్టి, ఆ పిలుపు సగంలోనే ఆపేస్తుంది. పెళ్ళే సందేహంలో పడ్డాక ఆ పిలుపు తగదని చెప్పి, “పౌరవా” అని వంశం పేరుతో పిలుస్తుంది.

పండితులు ఈ ఘట్టంలో కరుణరసాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం ఆ సగంలో ఆగిన పిలుపు దగ్గరే నాటకమంతా మలుపు తిరిగిందనిపిస్తుంది. అంతవరకూ ఆమె అనుకుంటూ వచ్చింది. అనుకున్నదాన్ని పైకి అనబోతే, అలవాటైన పాత మాట నోటికొచ్చింది. ఆ మాట ఇక చెల్లదని అక్కడికక్కడే తెలుసుకుని, ఇంకో మాట వెతుక్కుంది. స్వగతంలోంచి ప్రకాశంలోకి అడుగుపెట్టిన ఆడదాని మొదటి తడబాటు అది. తర్వాత ఉంగరం చూపబోతే వేలికి ఉంగరం లేదు. లేడిపిల్ల కథ చెప్పి గుర్తు చేయబోతే, ఆడజాతికి మాయ పుట్టుకతోనే వస్తుందని రాజు ఎత్తిపొడుస్తాడు. అప్పుడిక ఆమెకు స్వగతంతో పని లేకపోయింది. “అనార్యా!” అంటుంది. సభలో అందరూ వినేట్టు, రాజు మొహం మీద. ఆర్యపుత్రుడు పౌరవుడై, పౌరవుడు అనార్యుడయ్యాడు. మూడు పిలుపుల్లో ఒక జీవితం తిరగబడింది. శకుంతల అంటే పూలమొక్కలకు నీళ్ళు పోసే బొమ్మే గుర్తుకొస్తుంది చాలామందికి. ఈ మూడో పిలుపును క్యాలెండరు వేసేవాళ్ళు ఎందుకు బొమ్మ గీయరో!

శకుంతల పక్కన మన గిరీశాన్ని నిలబెడితే తమాషాగా వుంటుంది. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ ఇప్పుడు మనం చదివే రూపంలో 1909 నాటిది. అందులో తెర లేవగానే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే నిలబడి తనలో తాను మాట్లాడుకుంటూ వుంటాడు. ఊళ్ళో అప్పులు, పూటకూళ్ళమ్మను మోసగించిన వైనం, ఊరు విడిచి జారుకోవలసిన అవసరం, అన్నీ దాచకుండా మనతో చెప్పేస్తాడు. తర్వాత నాటకమంతా ఆయన ఎవరితో ఏం చెప్పినా అందులో నిజం వెతుక్కోవాలి. ఒంటరిగా అన్నప్పుడే ఆయన నిజాయితీపరుడు! గురజాడవారు స్వగతాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు. మొదటే ఆ తాళంచెవి మన చేతిలో పెట్టకపోతే, తర్వాత ఆయన ఉపన్యాసాలకు మనం కూడా పడిపోయి వుండేవాళ్ళం.

గిరీశానికి అనుకున్నదానికీ అన్నదానికీ మధ్య వున్న ఎడమే జీవనోపాధి. శకుంతలకు ఆ ఎడం గుండెకోత. ఆయన మాట దాచుకుని ఎదుటివాళ్ళను ముంచాడు. ఆమె మాట దాచుకుని తాను మునగబోయింది. దాచుకోవడం ఒకటే అయినా ఎవరు ఎందుకు దాచుకుంటున్నారన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది.

సినిమాలొచ్చాక స్వగతం వేషం మార్చింది. అద్దంలోంచి తెల్లబట్టలు కట్టుకున్న అంతరాత్మ బయటికొచ్చి, వేలు చూపించి హీరోను నిలదీసేది. హీరోయిన్‌కు అంతరాత్మ కూడా అవసరం లేదు, దేవుడి పటం చాలు. ఆమె కడుపులో దుఃఖమంతా పటం ముందు గంట కొట్టి చెప్పేస్తుంది. పక్క గదిలో అత్తగారికి వినబడదు, థియేటరు మొత్తానికి వినబడుతుంది. ఇప్పటి టీవీ సీరియళ్ళలో పెదవి కదలకుండా గొంతు మాత్రం వినిపిస్తుంది. కెమెరా మొహం మీదకు మూడుసార్లు వస్తుంది, ఆవిడ అనుకోవడం మాత్రం వారం రోజులైనా పూర్తికాదు. ఆ ఒక్క మాటా ఆయనతో పైకి అనేస్తే సీరియల్ మర్నాటితో సమాప్తమని మనకూ తెలుసు, తీసేవాళ్ళకూ తెలుసు. ఆడవాళ్ళు అనకపోవడం మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చూడండి!

హాస్యానికి అన్నాను గాని, ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి.

మా ఇంట్లో వంటిల్లు తూర్పు మూలన వుండేది. దానికి కిటికీ లేదు. పైన చిన్న పొగగూడు మాత్రం వుండేది. కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, తర్వాత కిరసనాయిలు స్టవ్వు. అమ్మ పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని ఊదుకుంటూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ అనేది, “ఈ గోడకు ఓ కిటికీ వుంటే నా ప్రాణానికి ఎంత సుఖంగా వుండును!” రోజూ అదే మాట. సావిట్లో పడక్కుర్చీలో పేపరు చదువుకునే నాన్నగారికి అది వినబడేది. గుమ్మం దగ్గర కూర్చుని ఎక్కాలు చదివే మాకు వినబడేది. మేమంతా ఏమనుకున్నాం? “అమ్మ ఏదో తనలో తాను అనుకుంటోంది” అనుకున్నాం.

ఇంటికి మధ్యలో రెండుసార్లు మరమ్మతు జరిగింది. వీధి గేటు మార్చారు, సావిట్లో గచ్చు తీసి నాపరాళ్ళు పరిపించారు. నాన్నగారు చెడ్డవారు కారు. ఏం కావాలో అడిగితే లేదనే మనిషి కారు. ఆయనకు తట్టలేదు. మాకూ తట్టలేదు.

నాన్నగారు పోయిన రెండేళ్ళకు ఒకసారి నేను పుట్టింటికి వెళ్ళాను. అమ్మ మామూలుగానే గోడ వంక చూసి ఆ మాటే అంది. అప్పటికి నాకూ యాభై దాటాయి, నా వంటింట్లో నేనూ గోడలతో మాట్లాడడం మొదలుపెట్టాను. అందుకే కాబోలు, ఆ రోజు నాకు వినబడింది.

“అమ్మా, ఇన్నేళ్ళుగా కిటికీ కిటికీ అంటున్నావు, నాన్నగారున్నప్పుడు ఒక్కసారైనా అడగకపోయావా?” అన్నాను.

అమ్మ నా మొహంలోకి వింతగా చూసింది.

“అడక్కపోవడమేమిటే? రోజూ అనుకుంటూనే వున్నాగా!”

ఆ మాటకు నేనేం జవాబు చెప్పగలను? తన లెక్క ప్రకారం తను అంది. మా లెక్క ప్రకారం తను అనుకుంది. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో ఒక మాట అను అయి బయలుదేరి, కొను అయి మా చెవుల దగ్గర ఆగిపోయింది. నాటకంలో పక్కనున్న పాత్రలకు స్వగతం వినబడకూడదని నియమమన్నాను చూడండి, మేము ఆ నియమాన్ని ఎంత బాగా పాటించామో! అరిచి చెప్పినా స్వగతమే. ఎందుకంటే అది ఎవరి నోటి నుంచి, ఏ గదిలోంచి వచ్చిందో దాన్ని బట్టి వినాలో వద్దో మేము ముందే తేల్చేసుకున్నాం. నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని “ఈ పంకా మార్చాలి” అని తనలో తాను అనుకుంటే, సాయంత్రానికి మా అన్నయ్య కొత్త పంకా తెచ్చేవాడు. పెద్దవాళ్ళు తమలో తాము అనుకుంటే ఆలోచన, ఆడవాళ్ళు అనుకుంటే సణుగుడు, గొణుగుడు! ఆ మాటలు కూడా మన నిఘంటువుల్లో వున్నవే.

ఇంగ్లీషువాళ్ళు స్వగతాన్ని ‘సోలిలాకీ’ అంటారు. దీని వెనక ఒక కథ వుంది. లాటిన్‌లో ఒంటరి, మాట్లాడు అనే రెండు మాటలు కలిపి ఈ పదాన్ని తయారుచేసినవాడు సెయింట్ అగస్టీన్. 386, 387 ప్రాంతాల్లో రాసిన పుస్తకానికి ఆ పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఒంటరి మాటలని పేరు పెట్టిన ఆ పుస్తకంలో ఇద్దరున్నారు. ఒకరు అగస్టీన్, ఇంకొకరు ఆయన వివేకం. వివేకం ప్రశ్నలడుగుతుంది, ఆయన జవాబులు చెబుతాడు. అంటే మనిషి తనలో తాను మాట్లాడుకోవాలన్నా అడిగేవాళ్ళొకరు కావలసి వచ్చారు! మా అమ్మకు ఆ అడిగేవాళ్ళే లేకపోయారు. పొయ్యి అడగదు, గోడ అడగదు. మేమున్నాం గాని, మేమూ గోడలమే అయ్యాం.

మీరొక సందేహం అడగవచ్చు. “అయితే మనసులో అనుకున్నవన్నీ పైకి అనేయమంటారా? సంసారాలు నిలుస్తాయా?” అని. అమ్మో, అంత సాహసం నేను చెప్పను. ‘కొను’ను తీసి పారెయ్యమనడం లేదు. ఏ పూటకు ఆ పూట నోటిదాకా వచ్చిన మాటను వెనక్కి మింగినందువల్లే ఎన్నో కాపురాలు, ఎన్నో స్నేహాలు నిలబడ్డాయి. మాట దాచుకోవడం కూడా ఒక సంపదే. డబ్బున్నవాడు ఖర్చు పెట్టకుండా దాచుకుంటే పొదుపు అంటాం. ఖర్చు పెట్టే హక్కే లేనివాడి చేతిలో డబ్బుంటే దాన్ని పొదుపు అంటామా? అంతే తేడా. అనగలిగీ అనుకోవడం వేరు, అనలేక అనుకోవడం వేరు. మొదటిది నిగ్రహం. రెండోది అలవాటైపోయిన దిగులు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి, మన భాషలో రెంటికీ పేరు కూడా ఒకటే. అందుకే ఎవరు ఏది చేస్తున్నారో కనిపెట్టడానికి ఇంట్లో మరొకరు చెవి పెట్టాలి.

కిటికీ సంగతి ఏమైందంటారా? మా అన్నయ్యతో చెప్పాను. పాపం వాడి మొహం చిన్నబోయింది. “అమ్మ అది అనుకోవడం నేను చిన్నప్పట్నించీ విన్నానే” అన్నాడు. వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చాడు. అప్పటికి ఇంట్లోకి గ్యాసు పొయ్యి వచ్చేసింది, పొగ లేదు. అయినా గోడ కొట్టించాం. మేస్త్రీ సుద్దముక్కతో గోడ మీద చతురం గీసి, “ఇంత ఎత్తు చాలా బాబూ?” అని అలవాటు ప్రకారం అన్నయ్యను అడిగాడు. అన్నయ్య జవాబు చెప్పేలోపు వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది.

“ఇంకో జానెడు కిందికి దింపు నాయనా. నేను పొట్టిదాన్ని.”

గోడతో కాదు, పొయ్యితో కాదు, దేవుడి పటంతో కాదు. మేస్త్రీతో, సూటిగా, అందరూ వినేట్టు. మేస్త్రీ గీత చెరిపి జానెడు కిందికి గీశాడు. ఆ కిటికీలోంచి కనబడేదల్లా పక్కింటి పెరడు, ఓ మునగచెట్టు. ఆ తర్వాత ఆరేళ్ళు అమ్మ ఆ మునగచెట్టును చూస్తూ కాఫీ తాగింది.

పిల్లకు జవాబు బాకీ పడ్డాను కదా! మర్నాడు పొద్దున కూర్చోబెట్టి, అను, కొను విడదీసి, ఈ కథంతా కాకపోయినా దానికి అర్థమయ్యేంత వరకూ చెప్పాను. “వాన రాదని నాతో నేనే అన్నానే. అదే అనుకోవడమంటే” అన్నాను. శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసుకుంది. రాసుకుని ఒక్క క్షణం ఆగి అడిగింది.

“నువ్వు కాక ఇంకెవరికైనా వినబడితే?”

“వినబడితే వాళ్ళు జవాబు చెప్పాలమ్మా” అన్నాను. ఆ నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. మా ఇంట్లో మాత్రం అప్పట్నించీ అమల్లో వుంది.

ఇదంతా చదివి మీరేమనుకుంటారని నేను అడగబోవడం లేదు. ఏమంటారు?